తేదీ పోతే కేసు పోయినట్టే: కార్మికుల తరఫు న్యాయవాదులతో కొన్ని మాటలు

(వీడియో ఎపిసోడ్‌కు లిఖిత రూపం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా లేబర్ కోర్టులో కార్మికుల తరఫున కేసులు వేస్తున్న, వేయాలనుకుంటున్న జూనియర్ మిత్రుల కోసం. కార్మికులు, యూనియన్ల వాళ్ళు కూడా చూస్తుంటారని తెలుసు. మీకు పనికొచ్చేవి కూడా ఇందులో ఉన్నాయి, కాబట్టి చివరిదాకా ఉండండి.

నిజానికి ఇవాళ కాంట్రాక్ట్ లేబర్ గురించి మాట్లాడదామనుకున్నాను. కానీ రెండు నెలలుగా నాకు వస్తున్న ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "మేడమ్, మా క్లయింట్‌ను ఫలానా తేదీన తీసేశారు. ఇప్పుడు మూడేళ్ళా, రెండేళ్ళా?" అందుకని ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మిగతా తప్పులు ఏవైనా దిద్దుకోవచ్చు. క్లెయిమ్ స్టేట్‌మెంట్ సరిగా రాయకపోతే సవరణ పిటిషన్ వేసుకోవచ్చు. సాక్షిని మరిచిపోతే రీకాల్ అడగొచ్చు. తేదీ దాటిపోతే మాత్రం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. పాత ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ చట్టం, 1947. మనమందరం ఐడీ యాక్ట్ అంటాం. మొదట్లో ఒక కార్మికుణ్ణి తీసేస్తే, ప్రభుత్వం రెఫరెన్స్ ఇస్తేనే లేబర్ కోర్టు గడప తొక్కగలిగేవాడు. ఆ రెఫరెన్స్ కోసం సచివాలయం చుట్టూ తిరగడం ఎలా ఉండేదో మా సీనియర్లు కథలుగా చెప్పేవాళ్ళు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే ఒక రాష్ట్ర సవరణ తెచ్చి, సెక్షన్ 2ఏ(2) కింద కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్ళే దారి తెరిచింది. దేశం మొత్తానికి కేంద్రం ఆ పని చేసింది 2010లో. అంటే 23 ఏళ్ళ ముందే మన దగ్గర ఈ హక్కు ఉంది. మన సవరణలో గడువు కూడా లేదు. కేంద్రం 2010లో తెచ్చిన సవరణలో రెండు షరతులు పెట్టింది. ముందు కన్సిలియేషన్ ఆఫీసర్‌కు దరఖాస్తు పెట్టి 45 రోజులు ఆగాలి, తీసేసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు కోర్టుకు రావాలి.

ఇప్పుడు కొత్తది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. ఐడీ యాక్ట్ స్థానంలోకి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్, 2020 వచ్చింది. ఇందులో సెక్షన్ 4 పేరు చూస్తే గ్రీవెన్స్ కమిటీ గురించి అనుకుంటారు. చాలామంది అక్కడితో ఆపేస్తున్నారు. దయచేసి ఆ సెక్షన్ చివరిదాకా చదవండి. సబ్‌సెక్షన్ 9, 10, 11. మన పాత 2ఏ అంతా అక్కడ దాక్కుని ఉంది. 45 రోజుల షరతు అలాగే ఉంది. మూడేళ్ళు మాత్రం రెండేళ్ళయింది.

ఇంకో దారి కూడా మూసుకుపోయింది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. పాత చట్టంలో మూడేళ్ళు దాటిపోయిన కార్మికుడు వస్తే మనం ఏం చేసేవాళ్ళం? సెక్షన్ 10 కింద రెఫరెన్స్ అడిగేవాళ్ళం. రెఫరెన్స్‌కు చట్టంలో గడువు లేదు. అజైబ్ సింగ్ కేసులో 1999లో సుప్రీంకోర్టు కూడా, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో తోసేయొద్దు, కావాలంటే ఇచ్చే ఉపశమనాన్ని తగ్గించండి అంది. కొత్త కోడ్‌లో మామూలు వివాదాలకు ప్రభుత్వ రెఫరెన్స్ అనేదే లేదు. నేషనల్ ట్రిబ్యునల్‌కు వెళ్ళే పెద్ద వివాదాలకే అది మిగిలింది. రెఫరెన్స్ పోవడం ఒకరకంగా మంచిదే, ప్రభుత్వం దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు. కానీ ఆలస్యంగా వచ్చినవాడికి ఉన్న చివరి ఆధారం కూడా దాంతోపాటే పోయింది.

ఆలస్యం మాఫీకి పిటిషన్ వేద్దాం అంటారా? లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కోర్టులకు సంబంధించింది. ట్రిబ్యునళ్ళకు అది దానంతటదే వర్తించదని సాకూరు వర్సెస్ తానాజీ కేసులో 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలంగాణ ప్రాంతపు కౌలుదారీ చట్టం మీద వచ్చిన కేసే. కోడ్ సెక్షన్ 4(11)లో ఆలస్యాన్ని మన్నించే మాట లేదు. కాబట్టి ఆ ధీమాతో ఉండకండి.

సరే, మరి కోడ్ రాకముందు తీసేసినవాళ్ళ సంగతేమిటి? ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకతన్ని 2023 ఫిబ్రవరి 10న తీసేశారు. పాత లెక్కన 2026 ఫిబ్రవరి 10 దాకా టైముంది. కొత్త లెక్కన 2025 ఫిబ్రవరిలోనే గడువు అయిపోయింది, అంటే కోడ్ పుట్టకముందే! అతని హక్కును ఒక రాత్రిలో చంపేసినట్టేనా? కాదు అని వాదించడానికి మనకు గట్టి ఆధారం ఉంది. న్యూ ఇండియా ఇన్సూరెన్స్ వర్సెస్ శాంతి మిశ్రా, 1975. మోటారు ప్రమాదాల కేసు అది. ఫోరం మారితే పాత ప్రమాదాలకు కూడా కొత్త ఫోరమే, కానీ కొత్త చట్టం గడువు తగ్గించింది కదా అని అప్పటికే ఉన్న హక్కు హఠాత్తుగా మాయమైపోదు అని కోర్టు చెప్పింది. దానికి తోడు జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 6 ఉంది.

వాదన ఉంది కదా అని దాని మీద క్లయింట్ జీవితం పెట్టకండి. ఇది నా మాట. 2024 మార్చిలో తీసేసినవాడు మీ దగ్గరికొస్తే మూడేళ్ళుందిలే అనుకోవద్దు, 2026 మార్చిలోపే వేసేయండి. రెండేళ్ళు అన్నా అది నిజంగా రెండేళ్ళు కాదు. అందులోంచి 45 రోజులు తీసేయాలి, ఎందుకంటే కన్సిలియేషన్ దరఖాస్తు పెట్టి ఆగాల్సిన కాలం అందులోనే ఉంది. అంటే మీ డైరీలో 22వ నెల దగ్గర ఎర్ర గీత గీయాలి.

ఆ మధ్య ఒకాయన వచ్చాడు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర 14 ఏళ్ళు చేశాడు. గడువుకు ఇంకా 19 రోజులుంది. అంతకాలం ఏం చేశావయ్యా అంటే, "మేనేజర్ సారు మళ్ళీ పిలుస్తనన్నడమ్మా, పండగ దాటినంక రమ్మన్నడు" అన్నాడు. పండగలు రెండు దాటాయి. ఈయన ఒక్కడే కాదు, మన దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళలో చాలామంది బద్ధకస్తులు కాదు, నమ్మినవాళ్ళు. మేం ఏం చేశామంటే, ఆ మధ్యాహ్నమే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగి, ఆయన ఫ్యాక్టరీ ఏ ఏసీఎల్ పరిధిలోకి వస్తుందో కనుక్కుని, అక్కడ దరఖాస్తు ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం. 45 రోజులు ఆగితే రెండేళ్ళు దాటిపోతుంది. అందుకే ఆగకుండా, గడువులోపే పిటిషన్ కూడా వేశాం, కారణం అందులోనే రాశాం. ముందుగా వేసిన దావా అన్నది దిద్దుకోగలిగిన లోపం, విఠల్‌భాయ్ వర్సెస్ యూనియన్ బ్యాంక్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ముందస్తు దావాను తప్పనిసరిగా కొట్టేయాల్సిన పనిలేదంది. అది సివిల్ దావా మీద చెప్పిన మాట, మనకు ఎంతవరకు నడుస్తుందో చూడాలి. కానీ ఆలస్యానికీ తొందరకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే తొందరే ఎంచుకోండి.

ఏ కోర్టులో వేయాలి? కోడ్ ప్రకారం ఒక జ్యుడీషియల్ సభ్యుడు, ఒక అడ్మినిస్ట్రేటివ్ సభ్యుడు ఉండే ట్రిబ్యునల్ రావాలి. అవి ఏర్పడేదాకా ఇప్పుడున్న లేబర్ కోర్టులే నడుస్తాయని కేంద్రం 2025 డిసెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి "కోర్టే లేదు, తర్వాత రండి" అని ఎవరైనా కౌంటర్ దగ్గర అంటే వెనక్కి రావద్దు. పిటిషన్ మీద రెండు చట్టాల సెక్షన్లూ రాయండి, ఐడీ యాక్ట్ 2ఏ(2), ఐఆర్ కోడ్ 4(10). సెక్షన్ పేరు తప్పు రాసినంత మాత్రాన కేసు పోదు, కానీ ఆఫీస్ అబ్జెక్షన్‌తో మూడు వారాలు పోతాయి.

కన్సిలియేషన్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. అక్కడ మనం, అంటే వకీళ్ళం, పార్టీ తరఫున హాజరు కాకూడదు. యూనియన్ ప్రతినిధి రావచ్చు. యూనియన్ లేనివాడు ఒంటరిగా కూర్చోవాలి. ఎదుట హెచ్‌ఆర్ మేనేజర్, ఫైలు, ఏసీ గదిలో నేర్చుకున్న ఇంగ్లీషు. అందుకని ముందురోజు మీ ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పండి: "బాబూ, ఏ కాగితం మీదా అక్కడికక్కడ సంతకం పెట్టకు. చదువుకుని రేపు చెప్తానను." ఈ ఒక్క వాక్యం చాలు.

ఇప్పుడు రెండో సంగతి. మీ క్లయింట్ అసలు వర్కరేనా?

మన హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు చాలామంది ఒక అపోహలో ఉన్నారు. వాళ్ళే కాదు, కొందరు వకీళ్ళు కూడా. "నా జీతం లక్షన్నర, నాకు లేబర్ కోర్టేంటి మేడమ్" అంటారు. జీతం పరిమితి అందరికీ కాదండీ! సూపర్‌వైజరీ పని చేసేవాళ్ళకే. పాత చట్టంలో అది పదివేలు, కొత్త కోడ్‌లో 18,000. టెక్నికల్, స్కిల్డ్, క్లరికల్, ఆపరేషనల్ పని చేసేవాడికి జీతం ఎంతైనా పరిమితి లేదు. కోడ్ రాసేవాడు, టెస్టింగ్ చేసేవాడు, సర్వర్లు చూసుకునేవాడు చేస్తున్నది టెక్నికల్ పని అని వాదించడానికి ఏ అడ్డూ లేదు. మేనేజీరియల్, అడ్మినిస్ట్రేటివ్ హోదాలో పని చేసేవాళ్ళు బయటికి పోతారు.

హోదా పేరు చూసి భయపడకండి. ఎస్.కె. మైనీ కేసు, 1994 నుంచీ కోర్టులు చూసేది ప్రధానంగా చేసే పని ఏమిటన్నది, విజిటింగ్ కార్డు మీద ఏముందన్నది కాదు. ఐటీలో మూడేళ్ళ అనుభవం ఉన్న పిల్లాడికి కూడా "లీడ్" అని పేరు పెడతారు. అతను ఎవరికైనా సెలవు మంజూరు చేశాడా? ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకున్నాడా? అప్రైజల్‌లో చివరి మాట అతనిదా? ఇవేవీ లేకుండా రోజంతా టికెట్లు క్లోజ్ చేస్తుంటే అతను ఏ మేనేజరు?

కానీ ఇక్కడే మన డ్రాఫ్టింగ్ దెబ్బతింటోంది. క్లెయిమ్ స్టేట్‌మెంట్‌లో "పిటిషనర్ వర్క్‌మన్ నిర్వచనంలోకి వస్తాడు" అని ఒక్క లైన్ రాసి ఊరుకుంటున్నాం. అడ్యంతాయా వర్సెస్ సాండోజ్ తీర్పు, అదీ 1994దే, ఒకటి స్పష్టం చేసింది: మేనేజర్ కాకపోవడం ఒక్కటే చాలదు, చట్టంలో చెప్పిన పనుల్లో ఏదో ఒకటి చేస్తున్నాడని చూపించాలి. టీచర్లు ఆ నిర్వచనంలోకి రారని సుందరాంబాళ్ కేసులో 1988లోనే తేలిపోయింది, అందుకే ప్రైవేటు స్కూలు టీచర్లు వస్తే వేరే చట్టం వెతకాలి. కాబట్టి క్లయింట్ ఒక మామూలు రోజును గంటల వారీగా రాయించండి. పొద్దున లాగిన్ నుంచి. ఆ పేరాలే మీ కేసు. క్రాస్‌లో "మీ కింద ఎంతమంది పనిచేసేవాళ్ళు?" అని అడిగినప్పుడు, క్లయింట్ గొప్పకు పోయి "పన్నెండు మంది మేడమ్" అంటాడు. అయిపోయింది. జాబ్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న అలవాటు కదా!

నిజంగానే మేనేజర్ అయితే? అప్పుడు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1988 చూడండి. అందులో సెక్షన్ 47 తొలగింపుకు సరైన కారణం, నోటీసు అడుగుతుంది. అయితే ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. తీసేసిన తేదీన ఏ జీవో అమల్లో ఉందో చదవకుండా 47 కింద వేయొద్దు. ఇక సివిల్ కోర్టుకు వెళ్దామంటే, ఆఫర్ లెటర్‌లో చివరి పేజీ తిరగేయండి. "అన్ని వివాదాలూ ముంబై కోర్టుల్లోనే" అని ఉండొచ్చు. అలాంటి షరతు ఉద్యోగ ఒప్పందాల్లో కూడా చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో రాకేశ్ కుమార్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మరుసటి నెలలోనే విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ళు పనిచేయకుండా వెళ్ళిపోతే రెండు లక్షలు కట్టాలన్న బాండ్‌ను సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామక ప్రక్రియ ఖర్చు చూసి ఇచ్చిన తీర్పు. ప్రతి ప్రైవేటు కంపెనీ బాండ్‌కూ దాన్ని అతికించి నోటీసులు పంపుతున్నారు. జవాబులో ఆ తేడా చూపించండి. బయట పిల్లలు నోటీసు చూసి భయపడి అప్పు చేసి కడుతున్నారు.

మూడోది, బలవంతపు రాజీనామాలు. దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను.

తీసేయడం ఇప్పుడు తీసేసినట్టు కనబడదు. ఉదయం పదకొండింటికి మీటింగ్ రూమ్‌కు పిలుస్తారు. ఇద్దరు ఉంటారు. "నువ్వే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ బాగుంటుంది, లేకపోతే టర్మినేషన్ అని రాస్తాం, ఇంకెక్కడా ఉద్యోగం రాదు." అర్ధగంటలో సంతకమో, పోర్టల్‌లో క్లిక్కో. బయటికొచ్చేసరికి మెయిల్ పనిచేయదు, ట్యాగ్ పనిచేయదు. చట్టం కళ్ళకు అది స్వచ్ఛంద రాజీనామా. మనం దాన్ని తొలగింపు అని నిరూపించాలి, నిరూపణ భారం మనదే.

ఇందులో మొదటి 24 గంటలు చాలా విలువైనవి. అదే రోజు, వీలైతే అదే సాయంత్రం, సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు రాయించండి: ఫలానా టైముకు, ఫలానా గదిలో, ఫలానా ఇద్దరు ఇలా అన్నారు, అందుకే ఇచ్చాను, ఉపసంహరించుకుంటున్నాను. వకీలు భాష వద్దు. అతని భాషలోనే, అతనికొచ్చిన ఇంగ్లీషులోనే. రాజీనామా అమల్లోకి రాకముందు వెనక్కి తీసుకోవచ్చన్నది గోపాల్ చంద్ర మిశ్రా కేసు, 1978 నుంచీ ఉన్న సూత్రం. నెల నోటీసు పీరియడ్ ఉంటే ఆ నెలంతా మనకు అవకాశమే. ఆరు నెలల తర్వాత లీగల్ నోటీసులో మొదటిసారి "బలవంతం" అన్న మాట కనబడితే ఏ జడ్జి నమ్ముతారు చెప్పండి? నేనైనా నమ్మను.

ఎలక్ట్రానిక్ రుజువుల సంగతి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత 65బి స్థానంలో సెక్షన్ 63. సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండు భాగాలు, ఒకటి పార్టీ ఇచ్చేది, రెండోది ఎక్స్‌పర్ట్ ఇచ్చేది, హ్యాష్ వాల్యూతో సహా. లేబర్ కోర్టులో సాక్ష్య చట్టం అక్షరాలా పట్టింపు కాదు, నిజమే. కానీ కేసు హైకోర్టు దాకా వెళ్తుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి ఎగ్జిబిట్ అని గుచ్చేయకండి. ఫోన్ మార్చొద్దని క్లయింట్‌కు చెప్పండి. ఒకమ్మాయి కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసింది, హెచ్‌ఆర్ పంపిన మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయి.

మెయిల్ మూసేశారంటే మరి ఏం దొరుకుతుంది? బయట చాలా ఉంది. ఈపీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమలు, యజమాని పేరు, ఎగ్జిట్ తేదీ, ఎగ్జిట్‌కు కంపెనీ రాసిన కారణం. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు కంట్రిబ్యూషన్ హిస్టరీ. ఆదాయపు పన్ను 26ఏఎస్‌లో టీడీఎస్. బ్యాంకు స్టేట్‌మెంట్. ఏడాదిలో 240 రోజుల పని కార్మికుడే చూపించాలని హదిమని కేసు, 2002 అంటుంది. యెల్లట్టి కేసు, 2006 దాన్ని కొంచెం మెత్తబరిచింది: కార్మికుడు బోనులోకి వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి, మస్టర్ రోల్స్, వేజ్ రిజిస్టర్లు తెమ్మని అడగాలి, అప్పుడు భారం అటువైపు కదులుతుంది. ఆ "తెమ్మని అడగడం" అనే పిటిషన్ మనం వేయకపోవడం వల్ల పోయిన కేసులు ఎన్నో. అయితే ఒక జాగ్రత్త. కంపెనీ క్లయింట్ల డేటా, కోడ్, రహస్య ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకు రమ్మని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఉద్యోగం పోయిన కేసు కాస్తా క్రిమినల్ కేసవుతుంది.

వెళ్ళిపోయేటప్పుడు రావాల్సిన డబ్బులు చాలా కంపెనీల్లో ఇప్పటికీ 45 రోజులు, 60 రోజులు అంటున్నారు. వేతనాల కోడ్ సెక్షన్ 17(2) చూడండి. తీసేసినా, రాజీనామా చేసినా, రెండు పనిదినాల్లో జీతం చెల్లించాలి. కట్టకపోతే మూడేళ్ళలోపు అథారిటీ ముందు క్లెయిమ్ వేయొచ్చు, పది రెట్ల వరకూ పరిహారం వేసే అధికారం వాళ్ళకుంది. దీన్ని వాడటం మనమింకా మొదలుపెట్టలేదు. ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద "నాకింకేమీ రావాల్సింది లేదు" అని ఉంటే, కింద చేత్తో "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టమనండి. రాయనివ్వకపోతే ఆ సాయంత్రమే మెయిల్.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తాను. చెప్పుకోవడం ఇష్టం లేదు గానీ, మీరు చేయకుండా ఉంటారని.

ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో ఒక మెషీన్ ఆపరేటర్ కేసు. తొలగింపు అక్రమమని అవార్డు వచ్చింది, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. మేం సంబరపడ్డాం. తీర్పు చివరి పేజీ చదివితే బ్యాక్ వేజెస్ లేవు. తొమ్మిదేళ్ళ జీతం! కారణం ఒక్క వాక్యం: ఈ కాలంలో తనకు వేరే ఉపాధి లేదని పిటిషనర్ ఎక్కడా చెప్పలేదు. నిజమే, నేను రాయలేదు. క్లెయిమ్ స్టేట్‌మెంట్‌లోనూ లేదు, చీఫ్‌లోనూ లేదు. అంత తెలిసిన విషయాన్ని ప్రత్యేకంగా రాయాలా అనుకున్నాను. ఆయన ఆ తొమ్మిదేళ్ళూ ఊళ్ళో అన్న పొలంలో కూలికి పోయాడు, ఆయన భార్య మిషన్ కుట్టింది. హైకోర్టులో కొంత వచ్చింది, మొత్తం రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలెండి మేడమ్, ఉద్యోగమైతే వచ్చింది" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత 2013లో దీపాలి గుండు సుర్వసే తీర్పు వచ్చింది. అక్రమ తొలగింపు అయితే పూర్తి బ్యాక్ వేజెస్ సాధారణ నియమం అంది. కానీ దాంట్లోనే షరతు: కార్మికుడు తనకు వేరే ఉపాధి లేదనో, తక్కువ జీతానికి చేశాననో కనీసం ప్లీడింగ్‌లో చెప్పాలి. చెప్తే చాలు, కాదని నిరూపించే బాధ్యత యజమానిది. చెప్పకపోతే ఆ తీర్పు మనకు అక్కరకు రాదు. చిన్నాచితకా పని చేసుకుని బతికుంటే దాచమని చెప్పకండి. ఉన్నదున్నట్టు రాయించండి: ఫలానా సంవత్సరం ఆటో నడిపాడు, రోజుకింత మిగిలింది. బతకడానికి చేసిన పనిని కోర్టులు అర్థం చేసుకుంటాయి, అబద్ధం దొరికితే మాత్రం క్షమించవు. ఇప్పుడు క్రాస్‌లో ఫేస్‌బుక్ ఫోటోలు, లింక్డిన్ ప్రొఫైళ్ళు తెస్తున్నారు కూడా.

సమయం అయిపోతోంది. కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, పూర్తి ఎపిసోడ్ తర్వాత చేస్తాను. మున్సిపాలిటీలు, ఆసుపత్రులు, ప్రభుత్వ హాస్టళ్ళలో పదేళ్ళు, పదిహేనేళ్ళుగా ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ వస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళు ఉమాదేవి తీర్పు, 2006 చూపిస్తే మనం తలవంచుకునేవాళ్ళం. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసు, 2025 జనవరిలో శ్రీపాల్ కేసు, ఆగస్టులో ధరమ్ సింగ్ కేసు, ఈ మూడింట్లో సుప్రీంకోర్టు ఒకటే గట్టిగా చెప్పింది. దొడ్డిదారి నియామకాలను ఆపడానికి వచ్చిన ఉమాదేవిని, శాశ్వత పనిని ఏళ్ళ తరబడి తాత్కాలికం అని చేయించుకోవడానికి కవచంగా వాడుకోవద్దని. శ్రీపాల్‌లో ఘజియాబాద్ తోటమాలులకు ఉద్యోగం, సగం బ్యాక్ వేజెస్ వచ్చాయి. అయితే జగ్గోలో పనివాళ్ళను తీసుకున్నది నేరుగా సంస్థే, మధ్యలో ఏజెన్సీ లేదు. మీ కేసులో ఏజెన్సీ ఉంటే, 2001 నాటి స్టీల్ అథారిటీ తీర్పు ఇంకా ఎదురుగా నిలబడే ఉంది. కాంట్రాక్టు ఉత్తుత్తిదని ముందు నిరూపించాలి. హాజరు ఎవరు వేశారు, సెలవు ఎవరిచ్చారు, ఏజెన్సీ మూడుసార్లు మారినా మనిషి అదే కుర్చీలో ఉన్నాడా? చివరిది దొరికితే బలమైన కేసు. ఈపీఎఫ్ పాస్‌బుక్‌లో యజమానుల పేర్లు మారుతూ, పని చోటు మాత్రం మారకుండా ఉంటుంది చూడండి.

ఒక ప్రేక్షకుడు కరీంనగర్ నుంచి అడిగారు: "ఎంక్వైరీ పెండింగ్‌లో ఉండగా రాజీ కుదుర్చుకోవడం కార్మికుడికి నష్టమా?" లెక్క వేసి చెప్పాలండీ. అవార్డు రావడానికి నాలుగేళ్ళు, ఆ పైన రిట్, అప్పీలు. 55 ఏళ్ళ మనిషికి ఉద్యోగం తిరిగొచ్చేసరికి రిటైర్మెంట్ దాటిపోతుంది. అతనికి డబ్బు ముఖ్యం. 32 ఏళ్ళవాడికి రికార్డు మీద మచ్చ పోవడం ముఖ్యం. రాజీ మొత్తంలో గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపేసి పెద్ద అంకె చూపిస్తారు, అవి ఎలాగూ అతనివే. వాటిని తీసేసి మిగిలిందెంతో క్లయింట్‌కు కాగితం మీద రాసి చూపించండి, నిర్ణయం అతన్నే తీసుకోనివ్వండి. ఇంటికెళ్ళి భార్యతో మాట్లాడి రమ్మనండి.

వచ్చే ఎపిసోడ్‌లో కేసు నడుస్తుండగా కార్మికుణ్ణి తీసేస్తే ఏం చేయాలో, పాత 33(2)(బి), కొత్త కోడ్ సెక్షన్ 90 కలిపి చూద్దాం. ఈలోగా మీ దగ్గరున్న ఫైళ్ళన్నీ ఒకసారి బయటికి తీసి, తొలగించిన తేదీ పక్కన రెండేళ్ళ తేదీ పెన్సిల్‌తో రాసుకోండి. ప్రశ్నలుంటే పంపండి, క్లయింట్ పేర్లు మాత్రం రాయకండి. నమస్కారం.